చివరి జాడింపుకే వెనిగర్

తెలుగువాళ్ల వంటింట్లో పులుపంటే చింతపండే. అది కాకపోతే నిమ్మకాయ, మామిడికాయ, గోంగూర. గోవాలో విందాలూకి, పంజాబులో సిర్కా ఉల్లిపాయలకి వెనిగర్ ఎంత అవసరమో మన పులుసుకి, పప్పుచారుకి అంత అనవసరం. అది మన అల్మరాలోకి వచ్చిందే గోబీ మంచూరియాతో, చిల్లీ చికెన్‌తో. రెండు చెంచాలు వాడాక మిగతా సీసా వెనక అరలోకి పోయి, మూత తుప్పు పట్టేదాకా అక్కడే ఉండిపోయేది. ఆ సీసా ఇప్పుడు వంటింట్లోంచి బయల్దేరి వాషింగ్ మెషీన్ పక్కకు చేరుతోంది.

దాన్ని అటు నడిపించింది కొంత డాలస్, కొంత న్యూజెర్సీ. మనవడినో మనవరాలినో చూసుకోవడానికి వెళ్లి ఆరు నెలలుండి వచ్చిన అమ్మమ్మలు అక్కడ గ్యాలన్ల లెక్కన అమ్మే తెల్ల వెనిగర్‌ని కూతురు బట్టల్లో పోయడం చూసి వచ్చారు. మిగతా పని సెల్‌ఫోన్లకు వచ్చే సందేశాలు చేసిపెట్టాయి. వెనిగర్ పోస్తే తువ్వాళ్లు మెత్తబడతాయి, తెల్లబట్టలు మెరుస్తాయి, చీర రంగు దిగదు, క్రిములు చస్తాయి, కెమికల్స్ అసలే లేవు. ఈ జాబితాలో కొన్ని నిజాలు. కొన్ని సగం నిజాలు. ఒకదాన్ని మాత్రం మరో సీసాతో కలిపి ప్రయత్నిస్తే ఊపిరి మీదికి వస్తుంది.

ముందు 'కెమికల్స్ లేవు' అన్న మాట సంగతి. వెనిగర్ అంటే నీళ్లలో కలిసిన ఎసిటిక్ ఆమ్లం. అమ్మకానికి పెట్టే వెనిగర్‌లో అది 3.75 శాతానికి తగ్గకూడదని మన ఆహార నిబంధనలు చెబుతాయి. కిరాణా కొట్లో దొరికే తెల్ల సీసాల మీద మామూలుగా 4 శాతం అని ఉంటుంది. అదే సీసా చేతిలోకి తీసుకుని చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు 'సింథటిక్, ఎసిటిక్ ఆమ్లం నుంచి తయారైనది' అన్న మాట కూడా కనిపిస్తుంది. అంటే అది పళ్లరసం పులిస్తే వచ్చింది కాదు. చెరకు మొలాసిస్ ఆల్కహాల్ నుంచో, మిథనాల్ నుంచో ఫ్యాక్టరీలో తీసిన ఆమ్లానికి నీళ్లు కలిపింది. బట్టల విషయంలో దీనివల్ల నష్టమేమీ లేదు. ఆమ్లం ఎక్కణ్నుంచి వచ్చినా ఆమ్లమే. పైగా ఖరీదైన యాపిల్ సైడర్ వెనిగర్‌లో రంగూ, పళ్ల తాలూకు పదార్థాలూ ఉంటాయి. తెల్ల చొక్కా మీద పోస్తే ఉన్న మరకకు తోడు మరో మరక. ఆరోగ్యం పేరుతో దాన్ని పొద్దున్నే తాగేవాళ్లు తాగనీండి, బట్టలకు మాత్రం చవక తెల్ల సీసా చాలు.

ఇక అసలు ప్రశ్న. ఉతికిన బట్టకు పులుపెందుకు?

ఎందుకంటే ఉతకడమన్నది మొదటినుంచీ క్షారంతో చేసే పని. నూనె, చెమట, జిడ్డు వదలాలంటే నీళ్లలో క్షారం ఉండాలి. సర్ఫ్ మన దేశానికి వచ్చింది 1959లో. అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టింది 1969లో. అంతకు ముందు మన ఊళ్లలో చాకిరేవు దగ్గర చౌడు ఉండేది. పంట పండని చౌడు నేలల్లో పైకి తేలే తెల్లటి మట్టిని తెచ్చి, నీళ్లలో కలిపి, బట్టలకు పట్టించి, చాకిబానలో ఉడకేసేవారు. ఉత్తరాదిన అదే మట్టిని రేహ్ అంటారు. ఆ తెల్లదనంలో ప్రధానంగా ఉండేది సోడియం కార్బనేట్, అంటే ఇవాళ పొట్లాల్లో అమ్మే చాకలి సోడాయే. నేటి డిటర్జెంట్ పొడుల్లోనూ దాని వాటా పెద్దదే. చౌడుకి పొడి వచ్చింది, చాకిబానకి మెషీన్ వచ్చింది, క్షారం మాత్రం మారలేదు.

క్షారం మురికిని వదిలిస్తుంది కానీ తనంతట తాను బట్టను వదలదు. బాగా జాడిస్తేనే పోతుంది. జాడించడానికి నీళ్లు కావాలి. ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో, వంతులవారీగా నల్లా వచ్చే వీధుల్లో మూడో జాడింపు అన్నది విలాసం. రెండుసార్లు ముంచి పిండేసిన బట్టలో కొంత పొడి మిగిలిపోతుంది. ఆరాక తువ్వాలు అట్టలా బిగుసుకోవడానికి, నల్ల ప్యాంటు మీద తెల్లటి చారలు తేలడానికి, పసిపిల్లల మెడ దగ్గర, నడుం దగ్గర చర్మం ఎర్రబడడానికి ఇదొక కారణం. దీనికి బోరు నీళ్లు తోడైతే చెప్పక్కర్లేదు.

తెలంగాణ, రాయలసీమల్లో చాలాభాగం కింద గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్లలోంచి పైకొచ్చే నీళ్లు కాల్షియం, మెగ్నీషియం మోసుకొస్తాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. నగర శివార్ల బోర్లలో ఈ రెండు అంకెల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు. తెట్టు కడుతుంది. ఆ తెట్టే బట్ట పోగుల్లో ఇరుక్కుని తెల్లటి చొక్కాను ఆరు నెలల్లో బూడిద రంగుకి తెస్తుంది.

మీ నీళ్లు ఏ రకమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. స్నానానికి నీళ్లు కాచే హీటరు కడ్డీ తీసుకోండి. ప్లగ్గు తీసేసి, చల్లారాక, దాని మీద పేరుకున్న తెల్లటి పొక్కు మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. సన్నగా బుడగలొస్తే అది సున్నపు పొర, అంటే కాల్షియం కార్బనేట్. వెనిగర్‌కి లొంగే రకం. బుడగలు రాకపోతే, నాలుక మీద నీళ్లు ఉప్పగా తగిలితే అది వేరే సమస్య. కోస్తాలో చెరువుల చుట్టూ ఉప్పెక్కిన నీళ్లకు వెనిగర్ చేయగలిగిందేమీ లేదు.

బుడగలు వచ్చిన ఇళ్లవాళ్లకు కూడా సందేశాల్లో చెప్పని లెక్క ఒకటుంది. 4 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లలో ఉండేది 4 గ్రాముల ఆమ్లం. ఆ 4 గ్రాములు విరచగలిగిన క్షారం కాల్షియం కార్బనేట్ లెక్కన 3.3 గ్రాములు. బోరు నీళ్లలో క్షారత లీటరుకు 300 మిల్లీగ్రాములనుకుంటే 10 లీటర్ల బకెట్‌లో 3 గ్రాములుంటుంది. అంటే అరగ్లాసు వెనిగర్ ఒక్క బకెట్ నీళ్లకు సరిగ్గా సరిపోతుంది. బట్టకు మిగిలేది అతి తక్కువ. ఇక అదే అరగ్లాసును 40 లీటర్లు పట్టే టాప్‌లోడ్ మెషీన్‌లో పోస్తే? నీళ్లే తాగేస్తాయి. బట్టలో మిగిలిన డిటర్జెంట్ క్షారాన్ని కొంత దించడానికైతే అది పనికొస్తుంది, ఎందుకంటే దానికి నీళ్లన్నిటినీ విరవాల్సిన పనిలేదు. పోగుల్లో చేరిన సున్నం కరగాలంటే మాత్రం 400 మిల్లీలీటర్లు పోసినా చాలదు. రోజూ అన్ని బట్టలకూ వెనిగర్ పోయమనే సలహా బయటి దేశాల నుంచి వచ్చింది. మన బోరు నీళ్లకు అది సీసా ఖర్చు.

కాబట్టి మెషీన్ కన్నా బకెట్ మేలు. ఉతికి జాడించిన నాలుగు తువ్వాళ్లు, పసిపిల్లల లంగోటీలు, బూడిద రంగుకి తిరిగిన బనియన్లు అర బకెట్ నీళ్లలో వేసి, ఒక గ్లాసు వెనిగర్ పోసి, అరగంట ఉంచి, ఒకసారి మామూలు నీళ్లలో ముంచి పిండి ఆరేస్తే తేడా చేతికి తెలుస్తుంది. నెలకోసారి చేస్తే చాలు. వాసన గురించి భయం అక్కర్లేదు. ఎసిటిక్ ఆమ్లం ఆవిరైపోయే సరుకు. బట్ట ఆరేసరికి అదీ ఉండదు. నిమ్మరసానికి ఈ సుగుణం లేదు. దానిలోని సిట్రిక్ ఆమ్లం బట్టలోనే ఉండిపోయి, ఇస్త్రీ పెట్టె వేడికి నూలు పోగును పసుపు పచ్చగా మార్చి బలహీనపరుస్తుంది. నిమ్మకాయ రుద్దితే ఆ చోట మళ్లీ బాగా కడగాల్సిందే.

ఇదేమీ ఇంటి వైద్యం కూడా కాదు. పెద్ద హోటళ్లకు, ఆసుపత్రులకు దుప్పట్లు ఉతికిచ్చే యాంత్రిక లాండ్రీల్లో చివరి జాడింపులో ఆమ్లం కలపడం మామూలు పద్ధతి. క్షారం మిగిలిన దుప్పటి ఇస్త్రీ రోలర్ కింద పసుపెక్కుతుంది, రోగి చర్మానికి గుచ్చుకుంటుంది. అద్దకం మిల్లుల్లో రంగు వేశాక బట్టను తటస్థం చేయడానికి వాడేది కూడా ఎసిటిక్ ఆమ్లమే. పట్టు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. కొత్త పట్టుచీర కట్టుకుని నడుస్తుంటే వచ్చే గరగర శబ్దం పట్టుకు పుట్టుకతో వచ్చింది కాదు. జిగురు తీసిన పట్టును పలచటి ఆమ్లంలో ముంచి ఆరబెడితే ఆ గుణం వస్తుంది. పెళ్లిళ్లలో ఆ చప్పుడు వినే చీర ఖరీదు కట్టే ముత్తయిదువలకు ఈ రహస్యం తెలియకపోవచ్చు.

అయితే వెనిగర్ పని చివరి జాడింపులోనే. ఇది మరిచిపోతేనే మొత్తం వ్యవహారం తిరగబడుతుంది. ఉతికేటప్పుడే డిటర్జెంట్‌తో కలిపి పోస్తే అది క్షారాన్ని చంపుతుంది, క్షారం దాన్ని చంపుతుంది. మిగిలేది మురికి. సబ్బు బిళ్లతో, 501 బార్‌తో రుద్ది ఉతికేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. సబ్బు నురగ బట్టలో ఉండగా వెనిగర్ తగిలితే పాలలో నిమ్మరసం పిండినట్టు సబ్బు విరిగిపోతుంది. జిడ్డు ముద్దలు ముద్దలుగా బట్టకు పట్టుకుంటుంది. ముందు నురగంతా పోయేదాకా జాడించి, ఆ తర్వాతే పులుపు.

వంటసోడాను, వెనిగర్‌ను కలిపి బుసబుసా పొంగించే చిట్కా కూడా ఇలాంటిదే. చూడ్డానికి బాగుంటుంది. పొంగింది కార్బన్ డయాక్సైడ్, గాల్లో కలిసిపోతుంది. మిగిలింది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. దానితో బట్టకు ఒరిగేదేమీ లేదు. సోడా వాడాలనుకుంటే చాకలి సోడాను ఉతుకులో వాడాలి. కఠిన జలంలోని కాల్షియాన్ని పట్టి కింద పడేసి నీళ్లను మెత్తబరిచే పని అదే చేస్తుంది, వెనిగర్ కాదు. పది రూపాయల సోడా మొదట, పులుపు చివర, రెంటి మధ్యా రెండు జాడింపులు. చౌడుతో ఉడకేసిన బట్టను పారే నీళ్లలో అంతసేపు ఎందుకు బాదేవారో ఇప్పుడర్థమవుతుంది.

మరకల దగ్గరికొస్తే తెలుగింటి మరక పసుపు. అన్నప్రాశన నాటి గౌను నుంచి ఆవకాయ కలిపిన లుంగీ దాకా అదే. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. దాని మీద వెనిగర్ పోస్తే వెంటనే మళ్లీ లేత పసుపు రంగుకొస్తుంది. ఎరుపు పోయింది కాబట్టి మరక పోతోందనుకుంటారు. పోలేదు, రంగు మార్చుకుందంతే. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారంలో ఎర్రగా, ఆమ్లంలో పచ్చగా కనబడుతుంది. దాన్ని నిజంగా చంపేది ఎండ. తడిగా ఉండగానే మిట్టమధ్యాహ్నం తీగ మీద వేస్తే రెండు మూడు పూటల్లో వెలిసిపోతుంది. ఈ విషయంలో డాబా మీద తీగను మించిన సీసా లేదు.

టీ, కాఫీ మరకల మీద వెనిగర్ కొంత పనిచేస్తుంది. చంకల దగ్గర పసుపు పచ్చగా, పెళుసుగా తయారయ్యే చొక్కాల మీద ఇంకా బాగా పనిచేస్తుంది. ఆ మరక చెమట ఒక్కదానిదే కాదు, చెమట పట్టకుండా రాసుకునే మందుల్లోని అల్యూమినియం లవణాలది కూడా. ఉతకడానికి ముందు గంటసేపు నీళ్లు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి, జాడించి, తర్వాత మామూలుగా ఉతకాలి. నూనె మరకకు, రక్తం మరకకు వెనిగర్ వృథా. మొదటిదానికి డిటర్జెంట్, రెండోదానికి చన్నీళ్లు.

రంగుల విషయంలోనే చీరలు నాశనమవుతున్నాయి. కొత్త మంగళగిరి చీరనో, వెంకటగిరి చీరనో మొదటిసారి ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచితే రంగు 'సెట్' అవుతుందని చాలామంది నమ్మకం. నమ్మకానికి మూలం లేకపోలేదు. పట్టుకు, ఉన్నికి వేసే ఆమ్ల రంగులు పులుపు నీళ్లలోనే పోగుకి పడతాయి. కానీ నూలు వేరు. ఇవాళ నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు సోడా లాంటి క్షారంలో పోగుతో బంధం వేసుకుంటాయి. ఆ బంధం మగ్గం ఎక్కకముందు, అద్దకం తొట్టిలోనే పడాలి. అక్కడ పడనిది ఇంట్లో వెనిగర్ పోస్తే పడదు. దిగే రంగు దిగుతూనే ఉంటుంది. చేయగలిగిందల్లా అలాంటి చీరను మొదటి మూడు నాలుగుసార్లు విడిగా, చన్నీళ్లలో, నానబెట్టకుండా ఉతికి, పదేపదే జాడించి, నీడలో ఆరేయడం. తడి చీరను ఉండగా చుట్టి బకెట్‌లో వదిలేయడమే అంచు రంగు ఒంటికి పాకడానికి పెద్ద కారణం.

కలంకారీకి వెనిగర్ దగ్గరికే రానివ్వకూడదు. ఇందులో చిన్న వింత ఉంది. శ్రీకాళహస్తిలో, పెడనలో సంప్రదాయంగా నలుపు తయారు చేసేది తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి పులియబెట్టి. బెల్లం పులిసి వచ్చే ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. అంటే అది ఓ రకంగా వెనిగర్‌లో కరిగిన ఇనుమే. కరక్కాయ పట్టించిన బట్ట మీద కలంతో గీయగానే అది నల్లగా మారి నిలిచిపోతుంది. పులుపుతో పుట్టిన ఆ గీతకు మళ్లీ పులుపు తగలడం మంచిది కాదు. నిమ్మకాయ, ఉప్పు రుద్దితే బట్ట మీద తుప్పు మరక పోతుందని అందరికీ తెలుసు. కలంకారీ నలుపులో ఉన్నది కూడా ఇనుమే.

జరీ మాటా అంతే. అసలు జరీ అయినా, ఇప్పుడు ఎక్కువగా వస్తున్న మెరుగు జరీ అయినా లోపల ఏదో ఓ మోతాదులో రాగి ఉంటుంది. రాగి చెంబులో పులుసు ఉంచితే ఏమవుతుందో తెలియని ఇల్లాలు లేదు. చిలుము పడుతుంది. గద్వాల చీర అంచైనా, ధర్మవరం కొంగైనా వెనిగర్‌లో నానితే జరిగేది అదే. పట్టుకి ఆమ్లం మంచిదే, జరీకి కాదు. రెండూ కలిసున్న చీరకు కుంకుడుకాయ రసమో, డ్రైక్లీనింగో తప్ప వేరే దారి లేదు. ఇత్తడి హుక్కులు, ముత్యపు చిప్ప బొత్తాలు ఉన్న రవికెలకు కూడా ఇదే నియమం.

వాసన పోగొట్టడంలో మాత్రం వెనిగర్ తన పేరు నిలబెట్టుకుంటుంది. పసిపిల్లల ఉచ్చగుడ్డల్లో ఘాటుగా కొట్టేది అమ్మోనియా. అది క్షారం. పలచటి ఆమ్లం తగలగానే వాసన లేని లవణమైపోతుంది. ముసురు పట్టిన శ్రావణమాసంలో రెండు రోజులైనా ఆరక ముక్క వాసన పట్టిన బట్టలకు, చెమట వాసన వదలని పాలియెస్టర్ టీషర్టులకు కూడా నానబెట్టి మళ్లీ ఉతికితే గుణం కనిపిస్తుంది. అలాగని అది క్రిమిసంహారిణి కాదు. ఇంట్లో గజ్జి, విరేచనాలు, తామర లాంటివి ఉన్నప్పుడు ఆ రోగి బట్టలకు అరగ్లాసు వెనిగర్ పోసి నిశ్చింతగా ఉండడం ప్రమాదం. అక్కడ కావలసింది డిటర్జెంట్, బాగా వేడి నీళ్లు, ఎర్రటి ఎండ, వేడి ఇస్త్రీ.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తెల్ల యూనిఫాంల కోసం, పంచెల కోసం చాలా ఇళ్లలో ద్రవ బ్లీచ్ వాడతారు. ఆ సీసాలో ఉండేది సోడియం హైపోక్లోరైట్. నీళ్ల ట్యాంకులో వేసే బ్లీచింగ్ పౌడరూ ఆ జాతిదే. వీటిలో దేనికైనా వెనిగర్ తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సేనలు శత్రు సైనికుల మీదికి వదిలింది ఆ వాయువునే. ఇంట్లో వచ్చేది అంత మోతాదులో కాకపోవచ్చు, కానీ మన బాత్రూములు చిన్నవి. పైన అడుగున్నర కిటికీ ఒక్కటే ఉంటుంది. అందులో బకెట్ ముందు వంగి కూర్చున్న మనిషికి కళ్లు మండి, గొంతు పట్టేసి, దగ్గు తెరలు రావడానికి ఎంతో అక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ఆసుపత్రి దాకా పోయే వ్యవహారం.

పైగా ఈ పొరపాటు చేయడం చాలా తేలిక. అమ్మగారు చొక్కాలను బ్లీచ్‌లో నానబెట్టి ఆఫీసుకు వెళ్తుంది. పనిమనిషి వచ్చి, మొన్న చెప్పిన ప్రకారం చివరి నీళ్లలో పోయమన్న సీసా తీసి అందులోనే పోస్తుంది. ఒకరికి బ్లీచ్ సంగతి తెలుసు, మరొకరికి వెనిగర్ సంగతి తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అందుకే బ్లీచ్ వాడే రోజు వెనిగర్ సీసా తీయకూడదు. బ్లీచ్‌లో నానిన బట్టను నీళ్లతో మూడుసార్లు జాడించి వదిలేయాలి. బాత్రూం గచ్చు కడిగే యాసిడ్‌కీ ఇదే వర్తిస్తుంది. అది మరింత ఘాటైన ఆమ్లం. పొరపాటున కలిస్తే బకెట్ దగ్గర నిలబడి నీళ్లు పోస్తూ సరిచేయబోకుండా ముందు బయటికొచ్చి, తలుపులు, కిటికీలు తెరిచి, గాలి మారేదాకా లోపలికి వెళ్లకూడదు. దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరు దగ్గరికి.

చవకగా వస్తుందని 99 శాతం గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కొని ఇంట్లో నీళ్లు కలుపుకోమనే సలహా కూడా తిరుగుతోంది. దాని జోలికి పోవద్దు. చర్మం మీద పడితే కాలుతుంది, ఆవిరి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. వంటింటి సీసా వంద రూపాయల లోపే దొరుకుతున్నప్పుడు ఆ ఆదాకు అర్థం లేదు. అలాగే వెనిగర్‌ని మంచినీళ్ల సీసాలో, శీతల పానీయం సీసాలో పోసి మెషీన్ పక్కన పెట్టడం పిల్లలున్న ఇంట్లో చేయదగిన పని కాదు.

మెషీన్ తయారీదారుల్లో కొందరు వెనిగర్ వద్దంటారు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, గొట్టాలు రోజూ ఆమ్లంలో నానితే త్వరగా పాడవుతాయని వాళ్ల వాదన. అప్పుడప్పుడూ పోసే కొద్దిపాటి వెనిగర్ నీళ్లలో కలిసి పలచబడుతుంది కాబట్టి భయపడాల్సినంత లేదు. అయినా మెషీన్‌తో వచ్చిన పుస్తకం తెరిచి చూసి, అందులో వద్దని ఉంటే బకెట్‌తోనే సరిపెట్టుకోవడం మంచిది. వారంటీ గొడవ వచ్చినప్పుడు పుస్తకం మాటే చెల్లుతుంది. ఫ్రంట్‌లోడ్ మెషీన్లో పోయదలిస్తే ఫాబ్రిక్ కండిషనర్ పోసే అరలో పోయాలి. చివరి జాడింపు నీళ్లతోనే అది లోపలికి పోతుంది.

ఆ కండిషనర్లకు వెనిగర్ బదులా అంటే, పూర్తిగా కాదు. కండిషనర్ పోగుల మీద పలచని జారుడు పూత పూస్తుంది. అందుకే చేతికి మెత్తగా, ముక్కుకి పరిమళంగా ఉంటుంది. ఆ పూత వల్లే తువ్వాలు నీళ్లు పీల్చడం తగ్గుతుంది. వెనిగర్ పూత పూయదు, ఉన్న మడ్డిని కొంత తీస్తుంది. తువ్వాళ్లకు, చేతి రుమాళ్లకు, వంటింటి గుడ్డలకు అదే నయం. పరిమళం కావాలంటే మాత్రం దాని వల్ల కాదు.

తువ్వాలు బిగుసుకోవడానికి సున్నమూ సబ్బూ ఒక్కటే కారణం కాదని కూడా గుర్తుంచుకోవాలి. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో సంస్థ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, తీగ మీద కదలకుండా ఆరిన నూలులో పోగుల మీద మిగిలే సూక్ష్మమైన నీటి పొర వాటిని ఒకదానికొకటి అతికించేస్తుంది. దీనికి ఏ సీసా అక్కర్లేదు. ఆరేసే ముందు రెండు చేతులతో గట్టిగా నాలుగు దులుపులు, సగం ఆరాక మళ్లీ నాలుగు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఈసారి మెషీన్ వేసేటప్పుడు డిటర్జెంట్ కొలతలో మూడోవంతు తగ్గించి చూడండి. నీళ్లు మెత్తగా ఉండి, బట్టలు మరీ మురికి పట్టినవి కాకపోతే తేడా తెలియదు. జాడింపు నీళ్లు త్వరగా తేటపడతాయి. రెండు వారాల తర్వాత కూడా తువ్వాళ్లు గరుగ్గానే ఉంటే అప్పుడు వంటింటి వెనక అరలో ఉన్న సీసా తీయొచ్చు, మూత ఊడి వస్తే.